చెల్లుకు చెల్లు కాదు!
(గండిపేట దారిలో సైకిలు నేర్పిన లెక్క)

సైకిలు తొక్కడం మీలో చాలామందికి వచ్చు. మోకాళ్ళు గీసుకుపోకుండా నేర్చుకున్నవాళ్ళు మాత్రం ఒక్కరైనా ఉంటారని నేను అనుకోను. అయితే సైకిలు తొక్కడం వేరు, సైకిలు ప్రయాణాన్ని లెక్కకట్టడం వేరు. మొదటిది ఎనిమిదేళ్ళ పిల్లవాడికి కూడా వస్తుంది. రెండవది బి.ఇడి. చదివి ముప్పై ఏళ్ళుగా భౌతికశాస్త్రం చెబుతున్న మాస్టారు కూడా తప్పగలడు. ఆ మాస్టారిని నేనే.

కొన్నేళ్ళ క్రితం మాట. డిసెంబరు నెల. హైదరాబాదు నగరానికి పడమటి అంచున ఉన్న మా పాఠశాల నుంచి పదవ తరగతి పిల్లలు ఆరుగురితో కలసి ఒక ఆదివారం గండిపేట చెరువు చూడడానికి సైకిళ్ళ మీద బయలుదేరాలనుకున్నాం. చిలుకూరు వైపు నుంచి చెరువు ఒడ్డు దాకా మాకు 20 కిలోమీటర్లు. రానూ పోనూ 40. ముందురోజు తరగతిలో నల్లబల్ల మీద లెక్క వేశాం. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళితే 40 కిలోమీటర్లకు 2 గంటల 40 నిమిషాలు. అక్కడ అరగంట విశ్రాంతి. మధ్యాహ్నం రెండున్నరకు బయలుదేరితే 5 గంటల 40 నిమిషాలకు తిరిగి రావచ్చు. డిసెంబరులో ఇక్కడ సూర్యుడు అస్తమించేది ఇంచుమించు అదే వేళకు. లెక్క సరిపోయింది.

అప్పుడు ఒక అమ్మాయి లేచి, "సార్! గాలి తూర్పునుంచి వీస్తోంది గదా. పోయేటప్పుడు వెనకనుంచి తోస్తుంది, వచ్చేటప్పుడు ఎదురొస్తుంది. మరి లెక్క మారదా?" అని అడిగింది.

"మారదమ్మా. పోయేటప్పుడు ఎంత లాభమో వచ్చేటప్పుడు అంతే నష్టం. చెల్లుకు చెల్లు" అన్నాను.

ఆ జవాబు తప్పు. ఎందుకు తప్పో, దానివల్ల ఏం జరిగిందో చెప్పడానికే ఈ వ్యాసం.

ఆ రోజు ఏం జరిగింది?

వెళ్ళేటప్పుడు ప్రయాణం పండుగలా సాగింది. గాలి వీపుమీద చేయివేసి తోస్తున్నట్లుంది. గంటలో, అంటే మూడున్నరకే చెరువు చేరాం. అనుకున్నదానికంటే ఇరవై నిమిషాలు ముందే వచ్చాం గనుక ఆ ఇరవై నిమిషాలూ మాకు మిగిలాయని సంతోషించాం. తెచ్చుకున్న పులిహోర తిని, నీళ్ళమీద వాలే పక్షుల్ని చూస్తూ కూర్చుని, లెక్క ప్రకారం 4 గంటల 20 నిమిషాలకే తిరుగు ప్రయాణం కట్టాం.

ఎదురుగాలిలో పిల్లల సైకిళ్ళు గంటకు 10 కిలోమీటర్లు మించలేదు. సగం దారిలో పొద్దు గుంకింది. ఇంకా మూడు కిలోమీటర్లు ఉందనగా పూర్తిగా చీకటి పడింది. ఏ సైకిలుకూ దీపం లేదు. ఎదురుగా వచ్చే లారీ లైట్లకు కళ్ళు చెదిరి ఒక కుర్రవాడు రోడ్డు అంచున ఉన్న రాయి ఎక్కి పడ్డాడు. ముంజేతి ఎముక విరిగింది. ఆరు వారాలు సిమెంటు కట్టు.

ఆసుపత్రి వరండాలో ఆ పిల్లవాడి తల్లి నన్ను ఒకే ఒక మాట అడిగింది. "చీకటి పడుతుందని తెలియదా సార్?" చీకటి ఎప్పుడు పడుతుందో నాకు నిమిషాలతో సహా తెలుసు. తెలియనిది గాలి లెక్క.

మొదటి కారణం: కాలం

మన ప్రయాణాన్నే తీసుకుందాం. వెళ్ళేటప్పుడు వేగం గంటకు 20 కి.మీ. వచ్చేటప్పుడు 10 కి.మీ. రెండింటి సగటు 15 కదా అని మీరు అంటారు. అక్కడే పొరపాటు.

20 కి.మీ. దూరాన్ని గంటకు 20 కి.మీ. వేగంతో దాటడానికి 1 గంట పట్టింది. అదే దూరాన్ని గంటకు 10 కి.మీ. వేగంతో దాటడానికి 2 గంటలు పట్టింది. మొత్తం దూరం 40 కి.మీ. మొత్తం కాలం 3 గంటలు. సగటు వేగం 40/3, అంటే 13.3 కి.మీ. మాత్రమే, 15 కాదు.

దీనికి కారణం తేలికగానే అర్థమవుతుంది. వేగంగా ఉన్న దశ త్వరగా అయిపోతుంది. మెల్లగా ఉన్న దశ ఎక్కువసేపు సాగుతుంది. అంటే మనం లాభంలో గడిపే కాలం తక్కువ, నష్టంలో గడిపే కాలం ఎక్కువ. దూరాలు సమానంగా ఉన్నంతమాత్రాన కాలాలు సమానం కావు. సగటు వేగాన్ని ఎప్పుడూ మొత్తం దూరాన్ని మొత్తం కాలంతో భాగించే కనుక్కోవాలి. ఈ సూత్రాన్ని నేను ఎనిమిదవ తరగతికి ఏటా చెబుతూనే ఉన్నాను!

గుట్టల దారికి కూడా ఇదే లెక్క వర్తిస్తుంది. ఎక్కేటప్పుడు పోగొట్టుకున్న కాలాన్ని దిగేటప్పుడు పూర్తిగా రాబట్టలేము.

రెండవ కారణం: గాలి వర్గం

సమతలమైన రోడ్డుమీద సైకిలును వెనక్కు లాగే బలాలు ముఖ్యంగా రెండు. ఒకటి టైరుకూ రోడ్డుకూ మధ్య పుట్టే దొర్లుడు నిరోధం. రెండవది గాలి నిరోధం.

టైరు రోడ్డును తాకినచోట కొద్దిగా నొక్కుకుపోతుంది. చక్రం తిరిగేకొద్దీ రబ్బరులో కొత్త భాగం నొక్కుకుంటూ, పాత భాగం సర్దుకుంటూ ఉంటుంది. నొక్కడానికి మనం ఖర్చుపెట్టిన శక్తిలో కొంత తిరిగి రాకుండా వేడిగా పోతుంది. టైరులో గాలి తక్కువైతే నొక్కుడు ఎక్కువ, నష్టమూ ఎక్కువ. అందుకే బయలుదేరే ముందు గాలి కొట్టించుకోవాలి. ఈ నిరోధం వేగంతో పెద్దగా మారదు. మనిషి, సైకిలు కలిపి 80 కిలోలు అనుకుంటే మామూలు తారురోడ్డుమీద ఇది సుమారు 6 న్యూటన్లు. (ఒక న్యూటను అంటే దాదాపు 100 గ్రాముల బరువు అని గుర్తుంచుకోండి.)

గాలి నిరోధం అలా కాదు. అది వేగం యొక్క వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లు. వేగం మూడింతలైతే తొమ్మిది రెట్లు. ఎందుకంటే రెట్టింపు వేగంతో వెళ్ళేటప్పుడు మనం సెకనుకు రెట్టింపు గాలిని పక్కకు నెట్టాలి; ఆ గాలిని నెట్టే వేగం కూడా రెట్టింపు కావాలి. రెండు రెళ్ళు నాలుగు. నిటారుగా కూర్చుని తొక్కే మామూలు సైకిలు మీద, గాలి లేని రోజున, గంటకు 15 కి.మీ. వేగంలో ఇది కూడా సుమారు 6 న్యూటన్లే. రెండూ కలిపి 12 న్యూటన్లు.

ఇప్పుడు గంటకు 10 కి.మీ. వేగంతో గాలి వీస్తోందనుకోండి. మనం మాత్రం గంటకు 15 కి.మీ. వేగంతోనే పోవాలని పట్టుబట్టాం. ఎదురుగాలి అయితే మన ముఖానికి తగిలే గాలి వేగం 15 + 10 = 25. గాలి నిరోధం (25/15) వర్గం రెట్లు, అంటే దాదాపు 2.8 రెట్లు పెరిగి 16 న్యూటన్లు దాటుతుంది. గాలి వెనుకనుంచి వస్తే ముఖానికి తగిలేది 15 – 10 = 5 మాత్రమే. గాలి నిరోధం తొమ్మిదవ వంతుకు, అంటే ఒక న్యూటనుకంటే తక్కువకు పడిపోతుంది.

ఇప్పుడు లాభనష్టాలు చూడండి. వెనుకగాలి మనకు తగ్గించినది సుమారు 5 న్యూటన్లు. ఎదురుగాలి పెంచినది సుమారు 10 న్యూటన్లు. అదే గాలి, అదే వేగం. కాని నష్టం లాభానికి రెట్టింపు! వెనుకగాలి ఎంత దయ చూపినా ఉన్న 6 న్యూటన్ల కంటే ఎక్కువ తగ్గించాలంటే అది మనకంటే వేగంగా వీచి, తోయడం మొదలుపెట్టాలి. ఎదురుగాలికి అలాంటి హద్దు లేదు.

కాలం వల్ల ఒక దెబ్బ, వర్గం వల్ల మరొక దెబ్బ. నా "చెల్లుకు చెల్లు" ఈ రెండింటి మధ్యా నలిగిపోయింది.

చెరువు గట్టున గాలి ఎందుకు ఎక్కువ?

చెరువు దగ్గరకు రాగానే గాలి హోరు పెరగడం మీరు గమనించే ఉంటారు. దీనికి కారణాలు రెండు.

నేల త్వరగా వేడెక్కుతుంది, నీరు నెమ్మదిగా వేడెక్కుతుంది. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి దాదాపు 4,200 జౌళ్ళు కావాలి. ఒక కిలో పొడి మట్టికి అందులో ఐదవ వంతు చాలు. అంతేకాక నీటిలో ఎండ లోతుకు దిగి పంచుకుపోతుంది. కొంత వేడి బాష్పీభవనానికి ఖర్చవుతుంది. అందువల్ల పగలు నేలమీది గాలి వేడెక్కి పైకి లేస్తే, ఆ చోటు నింపడానికి నీటిమీది చల్లని గాలి ఒడ్డుకు కదులుతుంది. సముద్రతీరంలో ఇది బలంగా ఉంటుంది. గండిపేట వంటి చెరువు దగ్గర ఇది చిన్నదే. ఋతువును బట్టి వీచే గాలి దిశను మార్చే శక్తి దీనికి లేదు.

రెండవ కారణమే ముఖ్యం. ఊళ్ళో వీచే గాలికి ఇళ్ళు, చెట్లు, గోడలు అడ్డుపడతాయి. నీటిమీద అడ్డు ఏముంది? చదునైన నీటిమీద గాలి తన వేగాన్ని పోగొట్టుకోకుండా వస్తుంది. నెల్లూరుకు దక్షిణాన సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్ళే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచి పోతుంది. శీతాకాలంలో రాజహంసలు దిగే చోటు అది. రోడ్డు బల్లపరుపు; ఎక్కవలసిన గుట్ట ఒక్కటీ లేదు. అయినా అక్కడ సైకిలు తొక్కినవాడిని అడగండి, గాలే గుట్ట అంటాడు.

ఒడ్డు సమంగా ఉన్నా రోడ్డు ఎందుకు ఎగుడుదిగుడు?

"చెరువు నీరు సమతలంగా ఉంటుంది గదా, మరి చెరువు చుట్టూ ఉన్న రోడ్డు ఎందుకు సమంగా ఉండదు?" ఇది మా పిల్లలే అడిగిన ప్రశ్న. మంచి ప్రశ్న.

నిలకడగా ఉన్న నీటి అంచున ఉన్న ప్రతి బిందువూ ఒకే ఎత్తులో ఉంటుంది. మీ భూగోళశాస్త్రంలో చదివిన సమోన్నత రేఖ అంటే ఇదే. చెరువు ఒడ్డు ప్రకృతి గీసిన సమోన్నత రేఖ. కాని ఆ రేఖను చూడండి, ఎన్ని వంకరలు! లోయలో నీరు నిలిపితే ప్రతి వాగు వెంటా నీరు వేలులాగా లోపలికి చొచ్చుకుపోతుంది. ఆ వంకరలన్నీ తిరుగుతూ రోడ్డు వేస్తే అది సమంగా ఉంటుంది; కాని దూరం ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకని రోడ్డు వేసేవారు అడ్డంగా పోతారు. ప్రతి వాగు దగ్గర రోడ్డు దిగి, ప్రతి మిట్ట దగ్గర ఎక్కుతుంది. చెరువు చుట్టూ తిరిగే సైకిలు దారి ఒక అలలాగా ఉండడానికి కారణం ఇదే.

ఇక గుట్ట ఎక్కేటప్పుడు కాళ్ళమీద పడే భారం ఎంతో చూద్దాం. 100 మీటర్లకు 5 మీటర్లు ఎత్తు పెరిగే వాలులో, 80 కిలోల మొత్తం బరువుకు గురుత్వాకర్షణ వెనక్కు లాగే బలం సుమారు 39 న్యూటన్లు. మిగతా నిరోధాలు కలిపితే 48 దాకా అవుతుంది.

ఇది రోడ్డు దగ్గరి లెక్క. పెడలు దగ్గర లెక్క వేరు. మామూలు సైకిలుకు ముందు పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనుక ఫ్రీవీలుకు 18 పళ్ళు ఉన్నాయనుకోండి. పెడలు ఒకసారి తిరిగితే వెనుక చక్రం 44/18, అంటే 2.44 సార్లు తిరుగుతుంది. 28 అంగుళాల చక్రం ఒక చుట్టుకు సుమారు 2.2 మీటర్లు కదులుతుంది. కాబట్టి పెడలు ఒక చుట్టుకు సైకిలు దాదాపు 5.4 మీటర్లు పోతుంది. ఆ చుట్టులో మన పాదం తిరిగిన దూరం ఒక మీటరు కంటే కాస్త ఎక్కువ. అంటే దూరంలో ఐదు రెట్లు లాభం. మరి ఊరికే వస్తుందా? బలంలో ఐదు రెట్లు నష్టం. రోడ్డు దగ్గర 48 న్యూటన్లు కావాలంటే పెడలు దగ్గర సగటున 240 న్యూటన్లు, అంటే సుమారు 25 కిలోల బరువంత నొక్కాలి. గేర్ల సైకిలులో ఈ నిష్పత్తిని తగ్గించుకోవచ్చు. గేర్లు లేని సైకిలువాడు దిగి నడిపించడంలో అవమానమేమీ లేదు.

నది పుట్టిన చోటుకు

గండిపేట అని మనం పిలిచే ఉస్మాన్‌సాగర్ మూసీ నదిమీద కట్టినది. దానికి దక్షిణంగా ఉన్న హిమాయత్‌సాగర్ ఈసీ నదిమీద కట్టినది. ఈ రెండింటి మధ్యనుంచి చేవెళ్ళ, వికారాబాదులకు పోయే రహదారి ఉంది. ఇరువైపులా వందల మర్రిచెట్లు గొడుగు పట్టిన దారి అది. ఆ దారి చివర వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండలలోనే మూసీ పుట్టింది.

మూసీ పుట్టినచోటు సముద్రమట్టానికి సుమారు 661 మీటర్ల ఎత్తు. ఉస్మాన్‌సాగర్ పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం 1,790 అడుగులు, అంటే 546 మీటర్లు. తేడా 115 మీటర్లు. మధ్య దూరం 50 కిలోమీటర్లకు పైమాటే. అంటే కిలోమీటరుకు రెండు మీటర్ల చొప్పున ఎక్కుతున్నాం. చేవెళ్ళ దారిలో మీరు కొండ ఎక్కుతున్నారన్న సంగతి మీ కళ్ళకు తెలియదు.

80 కిలోలను 115 మీటర్లు ఎత్తడానికి కావలసిన శక్తి సుమారు 90 కిలోజౌళ్ళు. అదే 50 కిలోమీటర్లపాటు 12 న్యూటన్ల నిరోధాన్ని గెలవడానికి కావలసినది 600 కిలోజౌళ్ళు. దారిలో వచ్చే చిన్న ఎత్తుపల్లాలను, చివర వచ్చే అనంతగిరి మలుపులను పక్కన పెడితే, దూర ప్రయాణంలో సైకిలువాడి పెద్ద శత్రువు కొండ కాదు. గాలి, రబ్బరు.

ఈ ఎత్తుల లెక్క నీటికి కూడా వర్తిస్తుంది. నగరం నడుమ ఉన్న హుస్సేన్‌సాగర్ నీటిమట్టం సుమారు 513 మీటర్లు. గండిపేట దానికంటే ముప్పై మీటర్లకు పైగా ఎత్తున ఉంది. అందుకే గండిపేట నీరు పంపుల అవసరం లేకుండా, కేవలం వాలు ఆధారంగా, కాలువలో ఆసిఫ్‌నగర్ నీటిశుద్ధి కేంద్రానికి చేరేటట్లు ఆనాటి ఇంజనీర్లు ఏర్పాటు చేశారు. సైకిలు తొక్కకుండా దొర్లినట్లే, నీరు కూడా దొర్లుకుంటూ వస్తుంది.

ఈ చెరువులు ఎందుకు పుట్టాయి?

ఈ చెరువులు విహారం కోసం కట్టినవి కావు. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో హైదరాబాదు సగం కొట్టుకుపోయినంత పనైంది. వేలమంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టును మీరు చూడవచ్చు. మరుసటి సంవత్సరం, 1909లో, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని నిజాం ప్రభుత్వం పిలిపించింది. నగరానికి ఎగువన వరదనీటిని పట్టి నిలిపే జలాశయాలు కట్టాలని ఆయన సూచించారు. అలా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరదను ఆపడం, తాగునీరు ఇవ్వడం, ఒకే కట్టతో రెండు పనులు.

కట్ట ఎంత బలమైనదైనా చెరువులోకి నీరు తెచ్చేవి ఇందాక మనం చెప్పుకున్న వాగులే. రోడ్డు దిగిన ప్రతిచోటా వంతెన కింద చూడండి. అక్కడ పారేది, లేదా పారవలసినది, చెరువు తాగే నీరు. ఆ వాగులు పూడిపోకుండా, మురికి కలవకుండా కాపాడడానికి 1996లో ప్రభుత్వం 111వ నంబరు ఉత్తర్వు జారీచేసి, రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర పరిశ్రమలు, పెద్ద నిర్మాణాలు రాకుండా ఆంక్షలు పెట్టింది. 2022లో, నీటి నాణ్యత చెడకూడదన్న షరతులతో ఆ ఆంక్షలను సడలిస్తూ మరొక ఉత్తర్వు వచ్చింది. దీనిమీద పెద్దల మధ్య వాదోపవాదాలు జరిగాయి. మీరు పెద్దవారయ్యాక మీకూ ఒక అభిప్రాయం ఉండాలి. అది కారులో అద్దాలు ఎత్తుకుని పోయేవాడికంటే, ప్రతి వాగు దగ్గరా దిగి ఎక్కిన సైకిలువాడికి బాగా ఏర్పడుతుంది.

వానాకాలం, తడిసిన బ్రేకులు

జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన ప్రాంతంలో గాలి పడమటినుంచి వీస్తుంది. అంటే నగరం నుంచి గండిపేటకు వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనుకగాలి. ఓపిక ఉండగానే కష్టం అయిపోతుంది. అలసిపోయాక సాయం దొరుకుతుంది. ఇది డిసెంబరు ప్రయాణం కంటే క్షేమం. కాని వానాకాలానికి దాని ప్రమాదం దానికి ఉంది.

బ్రేకు వేస్తే రబ్బరు ముక్కలు రిమ్మును పట్టి, కదలికలోని శక్తిని ఘర్షణ ద్వారా వేడిగా మారుస్తాయి. ఈ గతిశక్తి కూడా వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 15 కి.మీ. వేగంలో ఆగడానికి పట్టే దూరానికి 30 కి.మీ. వేగంలో నాలుగు రెట్లు పడుతుంది. రిమ్ము తడిస్తే రబ్బరుకూ ఇనుముకూ మధ్య నీటిపొర చేరి ఘర్షణ బాగా తగ్గుతుంది. అప్పుడు ఆగే దూరం ఇంకా పెరుగుతుంది. కాబట్టి వాన పడిన రోడ్డుమీద వాలు మొదలుకాకముందే, రెండు బ్రేకులనూ మెల్లమెల్లగా వేసి వదులుతూ రిమ్మును తుడుచుకోవాలి. వాలు మధ్యలో, వేగం పెరిగాక, ముందు బ్రేకును గట్టిగా పట్టకండి, తలకిందులవుతారు.

వాలు చివర ఎప్పుడూ వాగే ఉంటుంది. 2020 అక్టోబరులో భారీ వానలకు హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తవలసి వచ్చింది. గేట్లు ఎత్తినప్పుడు దిగువన ఉన్న కాజ్‌వేల మీదుగా నీరు పారుతుంది. మోకాలి లోతు నీరే గదా అనుకోకండి. నీటి సాంద్రత గాలికంటే దాదాపు ఎనిమిది వందల రెట్లు ఎక్కువ. ఇందాకటి వర్గసూత్రం నీటికీ వర్తిస్తుంది. గాలి నెట్టితే తూలుతాం. నీరు నెట్టితే కొట్టుకుపోతాం. రోడ్డుమీద పారే నీటిలోకి సైకిలు దించవద్దు.

ఇప్పుడు సైకిలువారికి ప్రత్యేకంగా ఒక దారి కూడా ఉంది. 2023లో బాహ్యవలయ రహదారి పక్కన 23 కిలోమీటర్ల సైకిలు బాట ప్రారంభమైంది. నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5 కి.మీ., నానక్‌రాంగూడ నుంచి పోలీసు అకాడమీ దాకా 8.5 కి.మీ. దాని పైకప్పంతా సౌరఫలకాలే. ఎండ మీద పడదు, ఆ ఎండే కరెంటు అవుతుంది. లారీల భయం లేదు గనుక కొత్తగా తొక్కేవారు అక్కడ మొదలుపెట్టడం మంచిది. అయితే కప్పు ఎండను ఆపుతుందిగాని ఎదురుగాలిని ఆపదు.

మీరు చేయవలసిన ప్రయోగం

గాలి వీచే రోజున, వాహనాలు లేని సమతలమైన దారిలో ఒక కిలోమీటరు కొలిచి పెట్టుకోండి. ఆటస్థలం పెద్దదైతే అక్కడైనా సరే. ఒకే విధమైన శ్రమతో గాలికి ఎదురుగా ఒకసారి, గాలితోపాటు ఒకసారి తొక్కండి. మిత్రుడు గడియారం చూస్తాడు. రెండు కాలాలనూ కలపండి. తరువాత గాలి లేని తెల్లవారుజామున అదే దూరం రానూ పోనూ తొక్కి, ఆ మొత్తం కాలంతో పోల్చండి. ఏది ఎక్కువో మీకే తెలుస్తుంది. మీ సైకిలు పళ్ళు లెక్కపెట్టి, పెడలు ఒక చుట్టుకు ఎన్ని మీటర్లు పోతుందో కూడా కనుక్కోండి.

ప్రయాణం పెట్టుకున్నప్పుడు ఈ నాలుగూ మరవకండి. గాలి ఎటునుంచి వీస్తోందో ముందు చూడండి. వీలైతే ఎదురుగాలిలో వెళ్ళి, వెనుకగాలిలో తిరిగి రండి. వెళ్ళేటప్పుడు ముందుగా చేరితే ఆ కాలం మిగిలిందనుకోకండి. అది తిరుగు ప్రయాణానికి చెల్లించవలసిన అప్పు. లెక్క ఎంత బాగా కుదిరినా సైకిలుకు దీపం, వెనుక ఎర్ర అద్దం లేకుండా బయలుదేరకండి.

ఆ ఆదివారం తరువాత సోమవారం నేను తరగతిలోకి వెళ్ళి, శనివారం నేను చెప్పిన జవాబు తప్పని చెప్పాను. ప్రశ్న అడిగిన అమ్మాయిని పిలిచి నల్లబల్ల మీద లెక్క మొదటినుంచి వేయమన్నాను. మూడు గంటలు, 13.3 కిలోమీటర్లు అని తేల్చింది. వారం తరువాత కట్టుతో వచ్చిన కుర్రవాడు ఆ లెక్కను తన పుస్తకంలో ఎడమచేత్తో రాసుకున్నాడు. అక్షరాలు వంకరగా ఉన్నా లెక్క మాత్రం సరిగ్గా ఉంది.